యూరి యార్వెట్ లియర్ పాత్ర: అరువు వాచికం – ఒక పరిశీలన

అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాట్యశాస్త్రం నాలుగు విధాలుగా విభజించింది. వీటిలో వాచికం మరొకరిదైనప్పుడు పాత్రపోషణలోని ఘనత ఎవరిది? ఎస్టోనియన్ రంగస్థల, చలనచిత్ర నటుడు యూరి యార్వెట్ (1919–1995) కృషిని అంచనా వేయాలంటే ఈ ప్రశ్నకు సమాధానం వెతకక తప్పదు.

యార్వెట్ బాకూ నగరంలో జన్మించాడు. అతని తొలి పేరు గియోర్గి కుజ్నెత్సోవ్. 1938లో ఆ రష్యన్ పేరును విడిచి ఎస్టోనియన్ పేరును స్వీకరించాడు. 1949లో టాలిన్‌లో నాటకవిద్య పూర్తిచేసి, అక్కడి రంగస్థలంపైనే నటుడిగా ఎదిగాడు. కల్యో కీస్క్ దర్శకత్వంలో వచ్చిన 'హుల్లుమేల్సుస్' (1968) చిత్రంలో పిచ్చాసుపత్రికి వచ్చిన గెస్టపో అధికారిగా నటించాడు.

గ్రిగోరీ కోజింత్సేవ్ 'కింగ్ లియర్' (1971) అతనికి అంతర్జాతీయ ఖ్యాతి తెచ్చింది. రాజు అనగానే స్ఫురించే భారీ విగ్రహం ఇందులో లేదు. ముసుగు తీస్తూ ప్రవేశించి, చలిమంట దగ్గర చేతులు కాచుకొనే బక్కపలుచని వృద్ధుడు కనిపిస్తాడు. అతని అధికారం దేహంలో లేదు, చుట్టూ ఉన్నవారి భయంలో ఉంది. అందువల్లే రాజ్యం పోయాక అతడు మామూలు మనిషిగా మిగలడం సహజంగా తోస్తుంది.

అయితే యార్వెట్ రష్యన్ ఉచ్చారణలో ఎస్టోనియన్ యాస ఉండటంతో, లియర్ సంభాషణలను జినోవీ గేర్ట్ పలికాడు. గేర్ట్ మాస్కోలోని ఒబ్రాజ్‌త్సోవ్ బొమ్మలాట రంగస్థల కళాకారుడు. తనది కాని దేహానికి గొంతునివ్వడం అతనికి అలవాటైన విద్య. తార్కోవ్‌స్కీ 'సొలారిస్' (1972)లో స్నాట్ పాత్రకూ వినిపించేది యార్వెట్ గొంతు కాదు.

దీన్నిబట్టి వాచికం లేకున్నా నటన సంపూర్ణమేనని తీర్మానించడం తొందరపాటు. షేక్‌స్పియర్ నాటకానికి మాటే ప్రాణం. కాబట్టి ఆ లియర్‌ను ఇద్దరు నటుల ఉమ్మడి సృష్టిగా గుర్తించడమే న్యాయం. ఆంగిక, సాత్త్వికాలు యార్వెట్‌వి, వాచికం గేర్ట్‌ది. ఇలా చెప్పడం వల్ల యార్వెట్ స్థానం తగ్గదు. అతని కళలో ఏది అతనిదో స్పష్టమవుతుంది.

ఎస్టోనియన్ పేరును కోరి తెచ్చుకున్న నటుడు ఎస్టోనియన్ గొంతు లేకుండానే ప్రపంచానికి పరిచయమయ్యాడు. అతని సమగ్ర మూల్యాంకనానికి ఎస్టోనియన్ భాషా చిత్రాలే ప్రధాన ఆధారాలు కావాలి.