‘ఎలక్ట్రానిక్ నాలుక’: ఒక శాస్త్ర రూపకం పరిధి

కీలక పదాలు: లిపిడ్ పొర, లోహ అయాన్, లక్షణ, రుచి, శాస్త్ర పరిభాష

జపాన్‌లోని క్యుషు విశ్వవిద్యాలయంలో కియోషి టోకో బృందం 1990 ప్రాంతంలో లిపిడ్ పొరలతో రుచి సెన్సర్‌ను రూపొందించింది. ఈ కోవ పరికరాలకు తరువాత ‘ఎలక్ట్రానిక్ టంగ్’ అనే పేరు స్థిరపడింది. దానిని ‘ఎలక్ట్రానిక్ నాలుక’ అనడం తెలుగులో సహజంగా తోచే అనువాదం. ఆహారపానీయాల విషయంలో ఈ పేరు చక్కగా నిలుస్తుంది. తాగునీటిలోని సీసం, కాడ్మియం వంటి లోహ అయాన్లను పట్టే లిపిడ్ సెన్సర్లకు సైతం దానినే విస్తరింపజేస్తే మాత్రం పేరే పాఠకుణ్ణి తప్పుదారి పట్టిస్తుంది.

మమ్మటుడు లక్షణకు ముఖ్యార్థ బాధ, ముఖ్యార్థంతో సంబంధం, రూఢి లేదా ప్రయోజనం అనే హేతువులను చెప్పాడు. యంత్రానికి నాలుక ఉండదు కనుక ఇక్కడ బాధ స్పష్టం. సామాన్య పాఠకునికి సులభంగా బోధపడడమే ప్రయోజనం. పరిశీలించవలసినది సంబంధాన్నే. టోకో సెన్సర్‌లో పాలీవినైల్ క్లోరైడ్‌లో కలిపిన లిపిడ్ పొరపై పదార్థాలు చేరినప్పుడు పొర విద్యుత్ పొటెన్షియల్ మారుతుంది. ఆ మార్పును మిల్లీవోల్టులలో కొలుస్తారు. వేర్వేరు లిపిడ్లతో చేసిన పొరలన్నింటి స్పందనను కలిపి చదివితే చేదు, పులుపు, వగరు వేరుపడతాయి. ఒక్కొక్క అణువును విడదీయకుండా రుచిని మొత్తంగా పట్టడంలో నాలుకతో పోలిక నిజమైనదే. ఇక్కడ లక్షణ సార్థకం.

లోహ అయాన్ల వద్ద ఈ సంబంధం తెగిపోతుంది. సీసపు లవణం ఒకటి తియ్యగా ఉంటుంది. దానికి ‘సీసపు చక్కెర’ అనే పేరే ఉంది. రోమన్లు ద్రాక్షరసాన్ని సీసపు పాత్రలలో కాచి తీపి పాకం చేసుకున్నారు. వారి నాలుక వారిని హెచ్చరించలేదు. భారత ప్రమాణాల సంస్థ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 రుచి ‘అంగీకారయోగ్యం’గా ఉండాలని ఒకచోట చెప్పి, సీసానికి లీటరుకు 0.01 మిల్లీగ్రాముల పరిమితిని వేరొకచోట విధించింది. ఆ పరిమితి వద్ద సీసానికి రుచి లేదు. నాలుక చేయలేని పనిని చేయడానికే ఏర్పడిన పరికరాన్ని నాలుక అని పిలవడం ఇక్కడి వైరుధ్యం.

తెలుగులో ఈ వైరుధ్యం మరింత బలమైనది. తాగే నీటికి మన వాడుక మాట ‘మంచినీళ్లు’. మంచినీటి బావి, ఉప్పునీటి బావి అన్న విభజన పూర్తిగా నాలుక తీర్పు. ‘రుచి’కి మూలమైన సంస్కృత ధాతువులోనే ప్రకాశించు, ఇష్టమగు అనే అర్థాలున్నాయి, అంటే రుచి అనే మాటలోనే ఇష్టం ఇమిడి ఉంది. నల్లగొండ ఫ్లోరైడ్ నీటి చరిత్ర ఈ తీర్పును ప్రశ్నించింది. ఫ్లోరైడ్ లోహ అయాన్ కాదు, అయినా పాఠం ఒకటే: నోటికి బాగున్న నీరు ఎముకను వంచగలదు. ‘ఎలక్ట్రానిక్ నాలుక’ అన్న పేరు ఆ పాత నమ్మకానికే యంత్రం బలాన్ని జోడిస్తుంది.

‘లిపిడ్’ను ‘కొవ్వు’ అనడమూ ఇటువంటిదే, కాకపోతే హాని తక్కువ. ఫాస్ఫోలిపిడ్‌కు నీటిని కోరే తల, నీటికి దూరంగా ఉండే తోక ఉంటాయి. కొవ్వు అనగానే ఆ తల కనుమరుగవుతుంది. ఋణావేశమున్న ఆ తల వద్దకే ధనావేశ లోహ అయాన్ చేరుతుంది.

ఇంతకంటె చిక్కైనది ‘గుర్తించు’ అనే క్రియ. ఏదో ఉందని పసిగట్టడం, అది సీసమేనని తేల్చడం, ఎంత ఉందో కొలవడం అనే మూడింటికీ తెలుగు శాస్త్రరచన ఈ ఒక్క క్రియనే వాడుతున్నది. లోహ సెన్సర్ల అసలు కష్టం మొదటి పనికీ రెండవ పనికీ మధ్యనే ఉంది. ఋణావేశ లిపిడ్ తల కాల్షియాన్నీ ఆకర్షిస్తుంది. అదే ప్రమాణంలో కాల్షియానికి ఆమోదిత పరిమితి లీటరుకు 75 మిల్లీగ్రాములు, అంటే సీసం పరిమితికి 7,500 రెట్లు. ఆ గుంపులోంచి సీసాన్ని ఏరడానికి, పొటాషియాన్ని వాలినోమైసిన్ ఎంచుకున్నట్లు, ఆ లోహాన్నే ఎంచుకునే అణువును పొరలో చేర్చవలసి ఉంటుంది. ‘సెన్సర్ సీసాన్ని గుర్తించింది’ అన్న వాక్యంలో ఈ శ్రమంతా అదృశ్యమవుతుంది. ‘లిపిడ్ పొర సెన్సర్ సీసం ఉనికిని పసిగట్టింది, కాల్షియం నుంచి దానిని వేరుచేయలేదు’ అని రాయడానికి తెలుగులో మాటల కొరత లేదు.