మైను, గని, బాయి

2019లో నల్లమల అడవిని గురించి తెలుగు పత్రికలలో వచ్చిన వార్తలను ఒకచోట చేర్చి చదివితే ఒక మాట పదే పదే కనిపిస్తుంది: ‘యురేనియం త్రవ్వకాలు’. ఆ ఏడు మే నెలలో కేంద్ర అటవీ సలహా సంఘం అమ్రాబాదు పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం కోసం సర్వే, అన్వేషణ జరపటానికి సూత్రప్రాయంగా సిఫారసు చేసినది. అణు ఖనిజ శాఖ చేయదలచినది నేలలోనికి సన్నని లోతైన రంధ్రాలు వేసి, రాతి నమూనాలను పైకి తీసి, వాటిలో ఖనిజం ఏపాటి ఉన్నదో పరీక్షించటం. ఇది అన్వేషణ మాత్రమే, మైనింగు కాదని ఒక పక్షం వాదించినది. రెండవ పక్షం దానిని త్రవ్వకమే అన్నది. సెప్టెంబరు 16వ తేదీన తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం మైనింగు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించినది. అడవి తగవు ఆ తీర్మానంతో ఒక మలుపు తిరిగినది గాని, మాటల తగవు మాత్రం తీరలేదు. ‘మైను’ అంటే ఏమిటి? ఏది మైనింగు, ఏది కాదు? తెలుగులో దానికి ఏ మాట వాడాలి?

ఇంగ్లీషులో ‘మైన్’ అన్న రూపం నిజానికి రెండు వేరువేరు మాటలది. ‘నాది’ అని అర్థమిచ్చే మైన్ ఆ భాషకు పుట్టుకతో వచ్చిన సొంత సొమ్ము. గని అని అర్థమిచ్చే మైన్ ఫ్రెంచి నుండి వచ్చి చేరినది. దాని మూలం కెల్టిక్ భాషలలో ముడి ఖనిజాన్ని చెప్పే మాటకు చుట్టమై ఉండవచ్చునని భాషావేత్తలు భావిస్తారు. ఈ రెండు మాటలకు చుట్టరికం లేదు. గనుల తగాదాలలో మాత్రం రెండూ తరచు కలుసుకుంటాయి.

గని అన్న అర్థం నుండి మాట కొమ్మలు వేసినది. కోటను ముట్టడించిన సైన్యం గోడ క్రిందుగా సొరంగం త్రవ్వి, దానిని నిలబెట్టిన కొయ్యలకు నిప్పుపెట్టి, గోడను కూల్చేది. ఆ సొరంగాన్ని కూడ మైన్ అనేవారు. ‘అండర్‌మైన్’ అన్న క్రియ ఆ పనికి వచ్చిన పేరే. ఇప్పుడు ఒకరి పేరును, అధికారాన్ని చాటుగా బలహీనపరచటానికి వాడుతున్నారు. కొయ్యలు పోయి తుపాకిమందు వచ్చిన తరువాత సొరంగంలో పేల్చే మందుకే ఆ పేరు అంటుకొన్నది. అక్కడినుండి నేలలో పాతే పేలుడు వస్తువుకూ, సముద్రంలో తేలవిడిచే దానికీ ప్రాకినది. గనిలో పనిచేసేవాడు మైనర్. గనిలో దొరికేది మినరల్.

తెలుగులో ఇటువంటి కుటుంబమే ఒకటి ఉన్నది. సంస్కృత ‘ఖని’ తెలుగు నోట ‘గని’ అయినది. ఖని యందు పుట్టినది ఖనిజం. మైన్‌కు మినరల్ ఎటువంటిదో, ఖనికి ఖనిజం అటువంటిది. ఈ పోలిక వల్లనే నిఘంటుకారులకు ఈ రెండు మాటల దగ్గర పని సులువైపోయినది. తక్కిన వాటి దగ్గర అదే సులువును ఆశించటంతో చిక్కులు పుట్టినవి. ఇంగ్లీషు మైన్‌కు వలెనే గనికి కూడ ఒక జంట ఉన్నది. పాలమూరులోనో దేవరకొండలోనో ‘వస్త గని, ఇయ్యాల గాదు’ అంటే అందులో గని ఏదీ లేదు; అది ‘కాని’ అన్న మాట.

అయితే తెలంగాణలో గనిలో దిగేవాళ్లు గని అన్న మాటను అంతగా పట్టించుకోలేదు. సింగరేణి కార్మికునికి అది ‘బాయి’, ‘బొగ్గుబాయి’. పనికి పోవటం బాయికి పోవటమే. నీటికోసం నేలలోనికి దిగిన అనుభవం నుండి బొగ్గుకోసం దిగే పనికి పేరు పెట్టుకొన్నారు. దిగుడుబావుల నీటితో పంటలు తీసిన రైతాంగానికి ఇంతకన్న సహజమైన మాట దొరకదు. నిఘంటువులలో గని ఉండగా బాయి లేకపోవటం చిన్న లోపం కాదు. వాడుకలో వేళ్లూనిన మాటను మాండలికమని ప్రక్కకు నెట్టి, దానికి బదులు ‘భూగర్భ ఖని’ వంటివి కూర్చటం పదకోశ నిర్మాతలకు పాత అలవాటు.

మాటను అనువదించకుండా తెలుగు లిపిలో దింపుకొంటే చాలుననే వారూ ఉన్నారు. 2025 ఫిబ్రవరి 22న అమ్రాబాదు కొండల క్రింద శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కూలి 8 మంది చిక్కుకొన్నప్పుడు, సహాయానికి సింగరేణి రక్షణ దళాలతోపాటు ఎలుక బొరియల వంటి ఇరుకు గనులలో పనిచేసిన కార్మికులు కూడ వచ్చారు. వారి పేరు వార్తలలో ‘ర్యాట్ హోల్ మైనర్లు’. తెలుగు చదువరికి మైనరు అంటే ఈడు రానివాడు. లేదా జమీందారీల కాలంనుండి వచ్చిన షోకిలా కుర్రవాడు. ఇంగ్లీషులో అక్షరం తేడాతో వేరయ్యే రెండు మాటలు తెలుగు లిపిలో ఒకటైపోతాయి. వేళాకోళానికి బాగానే ఉంటుంది గాని, 2025 వరకు అమలులో ఉన్న 1952 నాటి గనుల చట్టం శిక్షణార్థులను మినహాయించి 18 ఏండ్లు నిండనివారిని గనిపనికి రానీయరాదన్నది. ఈ నియమాన్ని దించుకొన్న మాటలతో వ్రాస్తే ‘మైనరు మైనరుగా పనిచేయరాదు’ అని వస్తుంది. గనికార్మికుడు అన్న మాట చేతిలో ఉండగా ఈ అవస్థ ఎందుకు?

సంస్కృతంలోనికి దూకినంత మాత్రాన అవస్థ తప్పదు. హిందీలో మైనింగుకు ‘ఖనన్’ చక్కగా చెల్లుతుంది. అదే మాట తెలుగులో ‘ఖననం’ అయితే శవాన్ని పూడ్చిపెట్టటం. మూలంలో ‘త్రవ్వుట’ అనే అర్థం ఉన్నదని పండితుడు చెప్పవచ్చును. గ్రామస్థునికి ‘యురేనియం ఖననం’ అంటే యురేనియాన్ని పాతిపెట్టటమని తోస్తే తప్పు అతనిది కాదు. కంప్యూటరు శాస్త్రంలోని ‘డేటా మైనింగు’ను ‘దత్తాంశ ఖననం’ అంటే చేసిన పనికి సరిగా వ్యతిరేకమైన పని చెప్పినట్లవుతుంది. ఇటువంటి చోట తెలుగువారి సొంత కల్పన ఎంత బాగుంటుందో చూడాలంటే ‘మందుపాతర’ను చూడాలి. ల్యాండ్‌మైన్ అన్న ఇంగ్లీషు మాటలోని ఏ ముక్కకూ అది అనువాదం కాదు. ధాన్యం దాచే పాతర, అందులో ధాన్యానికి బదులు తుపాకిమందు. విన్నవానికి వెంటనే బోధపడుతుంది, భయమూ కలుగుతుంది.

మినరల్ అన్న మాటకు నల్లగొండ జిల్లాలో పట్టిన గతి మరీ విచిత్రమైనది. ఆ జిల్లాలోని గ్రానైటు రాళ్లలో ఫ్లోరిన్ గల ఖనిజాలు ఉన్నవి. రాతిలో చాలకాలం నిలిచిన నీరు వాటినుండి ఫ్లోరైడును కరగించుకొంటుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన ఫ్లోరైడు త్రాగునీటిలో ఉండరాదు. మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగితే పండ్లు గారపట్టి, ఎముకలు బిరుసెక్కి, వెన్ను వంగిపోతుంది. నల్లగొండ ఫ్లోరోసిస్ గురించి 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సిద్దిఖీ వ్యాసం వచ్చినది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును విరిచే పద్ధతిని నాగపూరు జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు రూపొందిస్తే దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు స్థిరపడినది. జిల్లా పేరు శాస్త్రగ్రంథాలకు ఎక్కటానికి అది కోరుకోదగిన కారణమైతే కాదు. తరువాత ఊరూరా పొరల ద్వారా నీటిని వడకట్టే యంత్రాలు వచ్చినవి. ఆ యంత్రం చేసే పని నీటిలో కరిగిన ఖనిజ లవణాలను చాలమట్టుకు తీసివేయటం. ఆ నీటికి జనం పెట్టుకొన్న పేరు ‘మినరల్ వాటర్’! ఖనిజాలు నిండిన నీరు బోరులో ఉన్నది. ఖనిజాలు తీసిన నీరు డబ్బాలో ఉన్నది. పేరు మాత్రం రెండవదానికి దక్కినది. సీసాలమీది పేరును జనం విన్నారు, మంచినీరని అర్థం చేసుకొన్నారు, ఆ అర్థంలో నిలిపివేశారు. పాఠ్యపుస్తకం వ్రాసేవారు ‘ఖనిజజలం ఆరోగ్యకరం’ అని ఒక వాక్యం విసిరితే ఆ జిల్లా పిల్లవాడు దానిని ఎట్లా గ్రహిస్తాడో ఆలోచించాలి.

వానలు నింపగలిగినదానికన్న ఎక్కువగా భూగర్భజలాన్ని తోడటాన్ని కూడ శాస్త్రజ్ఞులు మైనింగే అంటారు. బొగ్గు తీస్తే తిరిగి రాదు. ఆ నీరూ తిరిగి రానిదే. నీటిబాయికీ బొగ్గుబాయికీ ఒకటే మాటగల ప్రాంతంలో ఈ భావాన్ని వివరించటానికి సంస్కృత సమాసాల అవసరం ఉండకూడదు.

ఇక చట్టం సంగతి. ఖనిజాన్ని వెతకటానికి గాని, పొందటానికి గాని ఏ పని జరిగినా అటువంటి త్రవ్వకమంతా మైనే అని 1952 గనుల చట్టం నిర్వచించినది. బోరు రంధ్రాలను కూడ పేరు పెట్టి అందులో చేర్చినది. కేవలం అన్వేషణకు త్రవ్వే చిన్న గుంతలకు కొన్ని షరతులతో చాల నిబంధనలనుండి మినహాయింపు ఇచ్చినది. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం మాత్రం నిక్షేపాన్ని వెతికి నిర్ధారించటాన్ని ఒక పనిగా, దానిని రాబట్టటాన్ని వేరొక పనిగా చెప్తుంది. అయినా ‘మైను’ అన్న మాటకు అర్థం కావలసివచ్చినప్పుడు 1952 చట్టాన్నే చూడమన్నది. కనుక నల్లమలలో వేయదలచిన బోర్లు ఒక చట్టం ప్రకారం మైనింగు కాదు; మరొక చట్టం మాటలలో ‘మైను’ పరిధిలోనికి రాగలిగేవి. ‘త్రవ్వకం’ అన్న జనాన్ని అజ్ఞానులని కొట్టివేసినవారు ఈ రెండవ చట్టాన్ని చూచినట్లు లేదు.

ఈ నిర్వచనాలు వకీళ్ల కాలక్షేపానికి మాత్రమే కాదు. కంకర, మొరం, ఇంటిరాయి వంటివాటిని తీసే చోట లోతు 6 మీటర్లకు మించక, ఏ రోజునా 50 మందికి మించి పనివాళ్లు లేక, ప్రేలుడుమందు వాడకపోతే 1952 చట్టంలోని చాల భాగం వర్తించేది కాదు. బండలో ఒక్క తూటా ప్రేల్చిన క్షణంలో ఆ మినహాయింపు పోయేది. అంతవరకు గుట్టమీది రాళ్లపని అయినది చట్టానికి గని అయ్యేది. సుత్తె, గడ్డపార పట్టి పాలమూరు జిల్లానుండి దేశమంతా తిరిగిన రాళ్లపనివారిలో ఈ సంగతి ఎందరికి తెలుగులో చెప్పబడినదో! 1957 చట్టం ఇంటిరాతిని, గులకను, మామూలు ఇసుకను ‘మైనర్ మినరల్స్’ అన్నది. పెద్ద ఖనిజాలు కానివి అని భావం. ఆ పేరు రాతి విలువను గురించినది కాదు, నియమాలు చేసే అధికారం రాష్ట్రానిది అని చెప్పేది మాత్రమే. దానిని ‘అల్ప ఖనిజాలు’ అని అనువదిస్తే, మెరుగుపెట్టి ఓడలకెక్కించే గ్రానైటు కూడ అల్పమే అవుతుంది.

పలుగురాతి ధూళి ఊపిరితిత్తులలో పేరుకొని మనిషిని తీసే సిలికోసిస్‌కు ఏ మాట వాడినా ఒకటే. 2025 వరకు రాయి తీసేచోట పట్టుకొంటే గనుల చట్టం, అదే రాతిని పిండికొట్టే మరలో పట్టుకొంటే 1948 ఫాక్టరీల చట్టం వర్తించేవి. ఆ ధూళి పీల్చినవాడు తాను పనిచేసిన చోటును ఏమని పిలవాలో తెలియకపోతే ఏ కార్యాలయం గడప ఎక్కాలో కూడ తెలియదు.

అనువాదకులు చేయదగిన పని కష్టమైనది కాదు. సర్వే చేయటం ఒకటి. బోరు వేసి చూడటం ఒకటి. నిక్షేపం ఎంతో తేల్చటం ఒకటి. గని తెరచి ఖనిజం తీయటం ఒకటి. నాలుగింటికీ ‘త్రవ్వకాలు’ అనే ఒకే గొడుగు పట్టటం పత్రికల తప్పు. కృష్ణ ఒడ్డున ఏలేశ్వరంలో పురావస్తు శాఖవారు జరిపినవీ త్రవ్వకాలే కదా! కాని మొదటి మెట్టును ‘అన్వేషణ’ అనే మెత్తని మాటలో చుట్టి, దాని వెనుక ఉన్న మెట్లను చెప్పకుండా ఊరుకోవటం అంతకన్న పెద్ద తప్పు. నల్లగొండ జిల్లాలో ఈ మెట్లన్నీ ఒకసారి కనిపించినవి. నాగార్జునసాగరం ఒడ్డున లంబాపురం, పెద్దగట్టు దగ్గర గ్రానైటు మీద శ్రీశైలపు క్వార్ట్‌జైటు పరచుకొన్న హద్దువెంట యురేనియం ఉన్నదని బోర్లవల్లనే తేలినది. 2003లో గనులపై, 2005లో సేరిపల్లి దగ్గర తలపెట్టిన కర్మాగారంపై బహిరంగ విచారణలు జరిగినవి. అన్వేషణ గనికి దారితీయదని పెద్దగట్టువారికి ఎవరు చెప్పగలరు?

ఆ కర్మాగారానికి తెలుగులో వాడిన పేరు ‘యురేనియం శుద్ధి కర్మాగారం’. శుద్ధి అంటే శుభ్రత. ఇటువంటి చోట్ల వెయ్యి కిలోల రాతిలో యురేనియం ఒక కిలోకు అటూ ఇటూగానో, అంతకు చాల తక్కువగానో ఉంటుంది. రాతిని పిండిచేసి దానిని తీసుకొన్న తరువాత మిగిలిన బురదంతా, అందులో నిలిచిన రేడియంతోసహా, ఒకచోట నిలవచేయాలి. శుద్ధి అన్న మాటలో ఈ భాగం ఎక్కడా వినిపించదు. బురద నిలవచేసే మడుగుకు ఇంగ్లీషు పేరు టెయిలింగ్స్ పాండ్. కడప జిల్లా తుమ్మలపల్లి యురేనియం కర్మాగారం వార్తలలో అది కుదించుకొని ‘టెయిల్ పాండ్’ అయినది. నాగార్జునసాగరం క్రింద, సత్రశాల దగ్గర, తిరిగి పైకి తోడుకోవటానికి కృష్ణ నీటిని నిలిపే జలాశయం పేరు కూడ టెయిల్ పాండే. సాగరం ఒడ్డున ఉన్న రైతు పత్రికలో ‘టెయిల్ పాండ్ నిండినది’ అన్న వార్త చూస్తే సంతోషించాలో, భయపడాలో తేల్చుకోవటానికి ఊరిపేరు కూడ చదవవలసి ఉంటుంది.