శ్రోతల చందా – వక్త స్వాతంత్ర్యము

పురాణకాలక్షేపము ముగియఁగానే సభలోనికి హారతిపళ్లెరము వచ్చును. వేయువాఁడు వేయును, వేయనివాఁడును కథ వినియే యింటికిఁ బోవును. రూపాయి వేసినవాని కొక యర్థమును, కానియైన వేయనివానికి వేఱొక యర్థమును బౌరాణికుఁడు చెప్పఁడు. ఆకాశమున వ్యాపించు మాటకుఁగూడ నిట్టి పోషణము చాలునా? చాలునని నమ్మి, అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమందు, బర్క్‌లీ పట్టణమున, 1949 ఏప్రిల్ 15వ తేదీని కొందఱు ఒక రేడియో కేంద్రమును దెఱచిరి. దాని పేరు కె.పి.ఎఫ్.ఏ. శ్రోతల చందాలతో నడచు రేడియోలలో అమెరికాకు నదియే మొదటిది. నేఁటికిని అది నడచుచున్నది.

దాని మూలపురుషుఁడు లూయిస్ హిల్. రెండవ ప్రపంచయుద్ధములో ఆయుధము పట్టనొల్లని శాంతివాదులలో నొకఁడు. 1946లో పసిఫికా సంస్థను స్థాపించి, కేంద్రము పుట్టిన రెండేండ్లకు, 1951లో, తన సిద్ధాంతమును వ్యాసముగా వ్రాసెను. ఆ వ్యాసమును మెచ్చువారు తఱచుగా నందలి వర్తకప్రకటనల ఖండనమునే యెత్తి చూపుదురు. నాకు ముఖ్యముగాఁ దోఁచినది వేఱు. మైక్రోఫోను ముందు నిలిచినవాఁడు తాను నమ్మని మాటను, ఒరులిచ్చిన కాగితము చూచి, నమ్మినట్లు చదువుట యెట్టి హీనస్థితియో హిల్ కనిపెట్టెను. మాటాడువాఁడే తన మాటకు బాధ్యుఁడు కావలెను. అట్లు కావలెనన్న వానిని సబ్బు లమ్మువాఁడు పోషింపరాదు. కేంద్రము వినఁబడు ప్రాంతమున నూటికిద్దఱు ఏఁటికిఁ బది డాలర్లిచ్చినఁ జాలునని యతని లెక్క.

లెక్క మొదటనే తప్పెను. ఆ దినములలో ఎఫ్.ఎం. రేడియో పెట్టెలు గల యిండ్లే తక్కువ. 1950 ఆగస్టులో సొమ్ము చాలక ప్రసారములు నిలిచిపోయెను. శ్రోతలు సభలు కూడి, చందాలు పోగుచేసి, 1951 మే నెలలో వానిని మరల నారంభింపఁజేసిరి. ఆ యేఁడే ఫోర్డు ధర్మనిధి తరఫునుండి పెద్ద విరాళమును లభించెను గనుక, శ్రోతల సొమ్ముతోడనే సర్వము నడచెనని చెప్పువారు కొంత దాఁచుచున్నారు. మన మదరాసులో 1924లో వెలసిన రేడియో క్లబ్బు మూఁడేండ్లకే ధనము లేక ప్రసారములు మానుకొని, తన యంత్రమును నగర కార్పొరేషనున కప్పగించినది. పోల్చి చూచినచో బర్క్‌లీవారి పట్టుదల సామాన్యము కాదు.

ఆ స్వాతంత్ర్యము ఫలింపలేదనరాదు. 1953 నుండి అలన్ వాట్స్ అను నాంగ్లేయుఁడు జెన్ బౌద్ధమును, వేదాంతమును గుఱించి యిచ్చట ప్రసంగించెను. వేదాంతము నతఁడు మిక్కిలి సులభము చేసెననుట నిజమే. సంస్కృతము చదివినవానికి అది గుచ్చుకొనును. కాని యే వర్తకుఁడట్టి ప్రసంగములను బోషించియుండును? పౌలీన్ కేల్ అను నామె కథ యింకను రుచికరము. ఆమె జీతము లేకయే సినిమాలను విమర్శించుచుండెను. 1963 జనవరిలో శ్రోతలు వ్రాసిన జాబులను బుచ్చుకొని, మొగమాటము లేక, వారికి రేడియోలోనే బదులు చెప్పెను. చందాలిచ్చువారిని, వారి చందాలతో నడచు రేడియోలోనే మందలించుట! ఆ ప్రసంగము 1965లో ఆమె గ్రంథమున నచ్చుపడినది. హిల్ కోరిన వక్త యీమెయే యని నా తలంపు.

ఇఁక దోషము. హిల్ వక్తను వర్తకునినుండి కాపాడెను. చందాదారునినుండి కాపాడు నుపాయమును జెప్పలేదు. 1957లోనే యతఁడు మరణించెను. సంస్థ తరువాత మఱి నాలుగు నగరములకు వ్యాపించి, పాలకవర్గము పెద్దదై, శ్రోతలకు దూరమైనది. 1999లో ఆ పాలకవర్గము బర్క్‌లీ కేంద్రపు మేనేజరును దొలఁగించి, జూలైలో సిబ్బందిని వెలుపల నుంచి తలుపులు మూయఁగా, ఆ నెల చివర సుమారు పదివేలమంది వీథులలో నడచిరి. ఒక రేడియో కొఱకు పదివేలమంది నడచుట నేను మఱెచ్చటను వినలేదు. తలుపులు తెఱవఁబడెను, వ్యాజ్యములు 2001లో రాజీపడెను, పిమ్మట వచ్చిన నిబంధనలచేఁ జందాదారులే యోటు వేసి స్థానిక సభల నెన్నుకొనుచున్నారు.

నిరంకుశత్వమునకు మందు శ్రోతల యోటు గాక మఱేమి యని చదువరు లడుగవచ్చును. ఆ దినమున నచట నుండినచో నేనును నడచియుందును. కాని పళ్లెరమున రూపాయి వేసినవాఁడు పౌరాణికుని ప్రక్కఁ గూర్చుండి, ఈ శ్లోకము వలదు, ఆ శ్లోకము చెప్పుమనినచో, పౌరాణికుని పని యేమగును? పక్షము లేర్పడెను, కోర్టు కెక్కుట వాడుకయైనది. 2019లో న్యూయార్కునందలి తోడి కేంద్రమగు డబ్ల్యు.బి.ఎ.ఐ. యొక్క స్థానిక ప్రసారములను సంస్థయే హఠాత్తుగా నిలిపివేయఁగా, నెలరోజులకు కోర్టుత్తరువుతో నవి మరల వచ్చినవి. యజమాని మాఱెనే గాని, వక్తకు యజమాని లేకుండఁ జేయుట యింకను సిద్ధింపలేదు. కేల్ వంటి విమర్శకురాలు నేఁ డక్కడ నిలిచి చందాదారులకు నచ్చని మాట చెప్పినచో, వచ్చు నెన్నికలలో నది యొక పక్షమువారి నినాదము కాకుండునా?

ఇంకొక మాట. ఏఁట ననేక పర్యాయములు కేంద్రము తన కార్యక్రమముల నడుమ దినములతరబడి విరాళము లడుగును. ఇచ్చినవారికిఁ బుస్తకములు మొదలగు కానుకలు గలవు. చక్కని ప్రసంగము నాపి, టెలిఫోను నంబరు చదివి, కానుకల గుణములను వర్ణించు నా గొంతు, హిల్ రోసిన సబ్బుప్రకటనకు దూరపుఁ జుట్టమే. చదువువాఁడు తాను నమ్మిన మాటనే చదువుచున్నాఁడని వారి సమాధానము. కొంతవఱకు నిజమే. కానుకల పట్టిక వచ్చునపుడు మాత్ర మా సమాధానము నాకు నచ్చలేదు.