తెగిన యాక్సిలరేటర్ వైరు

లోటస్ ఎలీస్ కారులో యాక్సిలరేటర్ పెడల్ ముందుంటుంది, ఇంజన్ సీట్ల వెనక ఉంటుంది. తొలి తరం కార్లలో ఆ రెంటినీ కలిపేది తొడుగులో నడిచే సన్నటి ఉక్కు వైరు ఒక్కటే. 1996లో ఇంగ్లండ్‌లోని నార్‌ఫోక్ ప్రాంతం హెథెల్ ఫ్యాక్టరీలో ఈ కార్ల తయారీ మొదలైంది. బరువు సుమారు 725 కిలోలు, ఇంజన్ 1.8 లీటర్ల రోవర్ కె-సిరీస్. అంత తేలికైన, అంత చురుకైన కారు కూడా ఆ వైరు తెగిన క్షణాన మనిషి నడకతో సమానమైపోతుంది.

ఇలాంటి వైరును బౌడెన్ కేబుల్ అంటారు. ఎర్నెస్ట్ బౌడెన్ 1896లో బ్రిటన్‌లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. లోపల సన్నని ఉక్కు పోగులు పేనిన తీగ, బయట చుట్టలుగా తిప్పిన ఉక్కు తొడుగు ఉంటాయి. తొడుగు రెండు కొసలూ కదలకుండా బిగించి ఉంటే, తీగను ఒక చివర లాగినంత మేర రెండో చివర కదులుతుంది. సైకిల్ బ్రేకు, ఆటో క్లచ్, పాత మారుతీ 800 యాక్సిలరేటర్ అన్నీ ఈ సూత్రం మీదే నడిచాయి. మన ఊళ్లో క్లచ్ వైరు మార్చిన మెకానిక్‌కి ఎలీస్ వైరు చూపిస్తే కొత్తగా నేర్చుకోవాల్సింది పెద్దగా ఉండదు. వైరు పొడవు, దాన్ని చేరుకునే దారి మాత్రమే వేరు.

వైరు సాధారణంగా నడిమధ్యలో తెగదు. కొసన ఉండే నిపుల్ అనే చిన్న లోహపు ముద్ద దగ్గర తెగుతుంది. పెడల్ గుండ్రటి దారిలో కదులుతుంది, తీగ తిన్నగా పోవాలి. ఈ తేడాను సర్దాల్సింది నిపులే. తన గూట్లో అది కాస్త తిరగాలి. తుప్పు పట్టో, గ్రీజు ఎండిపోయో తిరగడం మానేస్తే ఆ వంపంతా నిపుల్‌ని ఆనుకుని ఉన్న పావు అంగుళం తీగ మీద పడుతుంది. ఇనపతీగను అటూ ఇటూ వంచి తెంపినట్టే, తొక్కిన ప్రతిసారీ పోగులు కొంచెం కొంచెం అలసిపోతాయి. ముందు ఒక పోగు, తర్వాత ఇంకోటి, చివరికి మిగిలిన రెండు మూడు పోగులూ ఒకేసారి పోతాయి. పెడల్ వెనక ఉండాల్సిన స్టాపు సరిగా లేకపోయినా ఇదే జరుగుతుంది. ఇంజన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ పూర్తిగా తెరుచుకున్నాక కాలి బరువు నేలకు చేరాలి. స్టాపు లేనిచోట ఆ బరువంతా వైరు మోస్తుంది.

వైరు చెప్పకుండా తెగదు. పెడల్ బరువెక్కుతుంది, తొక్కుతుంటే సన్నటి గరుకు తగులుతుంది. గేరు మార్చేటప్పుడు కాలు తీసినా ఇంజన్ వేగం దిగడానికి ఆలస్యమవుతుంది. ఈ మూడో లక్షణాన్ని ఒక్కరోజు కూడా ఉపేక్షించకూడదు. తెగిన పోగు ముళ్లలా విచ్చుకుని తొడుగు అంచున పట్టేసుకుంటోందని అర్థం.

వైరు పూర్తిగా తెగిపోవడం చిరాకు పెట్టే సంగతే గాని పెద్ద ప్రమాదం కాదు. థ్రాటిల్ రేకును మూసి ఉంచే స్ప్రింగు దాన్ని వెనక్కి లాగేస్తుంది, ఇంజన్ ఐడ్లింగుకి వస్తుంది. అమెరికాలో 1973 నుంచి అమల్లో ఉన్న భద్రతా ప్రమాణం 124 కోరేది ఇదే: పెడల్ వదిలినా, మధ్యలో లింకు తెగినా థ్రాటిల్ తనంతట మూసుకోవాలి. కారు ఆగకముందే ఆ ఊపుతో పక్కకు తీసి, హజార్డ్ లైట్లు వేస్తే సరిపోతుంది.

వైరు తెరిచిన స్థితిలో ఇరుక్కుంటే మాత్రం పరిస్థితి వేరు. క్లచ్ తొక్కాలి, న్యూట్రల్ చేయాలి, బ్రేకు ఒక్కసారి గట్టిగా తొక్కి పట్టాలి. ఇంజన్ అరుస్తుంది, అరవనివ్వాలి. ఇంజెక్షన్ ఇంజన్‌ని దాని రెవ్ లిమిటర్ కాసేపు కాపాడుతుంది. కార్బురేటర్ కార్లలో సాధారణంగా ఆ రక్షణ ఉండదు కాబట్టి ఇగ్నిషన్ వెంటనే కట్టేయాలి. తాళం ఒక్క మెట్టు మాత్రమే వెనక్కి తిప్పాలి. బయటికి లాగితే స్టీరింగు లాక్ పడుతుంది. బ్రేకును పదేపదే పంపు కొట్టడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. బ్రేకుకి సాయం చేసే బూస్టర్ ఇంజన్ పీల్పుతో పనిచేస్తుంది. థ్రాటిల్ బార్లా తెరిచి ఉంటే ఆ పీల్పు ఉండదు. మిగిలి ఉన్న సాయం ఒకటి రెండు తొక్కుళ్లతో అయిపోతుంది. తొలి తరం ఎలీస్‌లో బూస్టరే లేదు. అందులో కాలి బలమే బ్రేకు.

కారు ఆగాక తప్పు ఎక్కడుందో తేల్చుకోవాలి. ఇంజన్ ఆపి, మూత తెరిచి, థ్రాటిల్ బాడీ దగ్గర వైరు ఊడదీసి, వైరు లాగే చక్రాన్ని చేత్తో తిప్పి చూడాలి. నున్నగా తిరిగి, వదలగానే టక్కున మూసుకుంటే దోషం వైరుది. చేత్తో తిప్పినా బిగుసుకుంటే దోషం థ్రాటిల్ బాడీది. కె-సిరీస్‌లో ప్లాస్టిక్ థ్రాటిల్ బాడీ వేడికి వంకరపోయి పట్టేయడం తెలిసిన జబ్బే. చాలామంది దాన్ని తీసేసి అల్యూమినియంది వేయించుకుంటారు. ఇది చూడకుండా వైరు మారిస్తే డబ్బూ పోతుంది, జబ్బూ అలాగే ఉంటుంది.

దారి మధ్యలో చేసే తాత్కాలిక మరమ్మతు క్షేమమైన చోటికి చేరడానికి మాత్రమే. ఐడ్లింగు మీదే మొదటి గేరులో కారు పాకుతుంది. నిపుల్ ఊడి, తీగ పొడవు మిగిలి ఉంటే స్క్రూతో బిగించే నిపుల్ ఒకటి తగిలించవచ్చు. సైకిల్ బ్రేకు వైరు మందం ఒకటిన్నర మిల్లీమీటరు ఉంటుంది, ఆ కొలతకు దొరికే నిపుళ్లు ఇలాంటప్పుడు అక్కరకొస్తాయి. థ్రాటిల్‌ని దారంతో కొంచెం తెరిచి కట్టేసి క్లచ్ మీద కారు నడపడం కొందరి అలవాటు. జనం తిరిగే రోడ్డు మీద అది చేయకూడని పని.

కొత్త వైరు వేయడం ఓపిక పని. పాత తీగ లాగేముందు దాని కొసకి గట్టి దారం కట్టాలి. తీగ బయటికి వస్తుంటే దారం లోపలికి పోయి దారి చూపిస్తుంది. వైరు ఎక్కడా పదునుగా వంగకూడదు, ఎగ్జాస్టు వేడికి దగ్గరగా పోకూడదు, పాత క్లిప్పులన్నీ మళ్లీ పెట్టాలి. తొడుగులో నైలాన్ గొట్టం ఉంటే నూనె పోయకూడదు, దుమ్ము పట్టి జిగురవుతుంది. నిపుల్ గూటికి మాత్రం చిటికెడు గ్రీజు తప్పనిసరి. కాలు తీసినప్పుడు వైరులో ఒకటి రెండు మిల్లీమీటర్ల వదులు ఉండాలి. పూర్తిగా తొక్కినప్పుడు థ్రాటిల్ పూర్తిగా తెరుచుకుని, అదే క్షణంలో పెడల్ స్టాపుకి తగలాలి. ఇంజన్ స్టార్టు చేయకముందే ఒకరు పెడల్ తొక్కుతుంటే మరొకరు వెనక నిలబడి ఇది చూడాలి.

కొత్త వైరు బిగించినంత మాత్రాన మరమ్మతు పూర్తయినట్టు కాదు. తెగిన కొసను వెలుతురులో పరీక్షించాలి. పోగులు వేర్వేరు పొడవుల్లో, నిపుల్ అంచున తెగి ఉంటే నిపుల్ తిరగలేదన్నమాట. ఒకవైపు అరిగి మెరుస్తుంటే తొడుగు అంచు కోస్తోంది. నల్లబడి, లోపలి ప్లాస్టిక్ కరిగి ఉంటే ఎర్త్ పట్టీ అనుమానించాలి. ఎంజీబీ లాంటి పాత కార్లలో ఇంజన్‌ని బాడీకి కలిపే ఎర్త్ పట్టీ తెగితే, స్టార్టర్ కరెంటు యాక్సిలరేటర్ వైరు గుండా తిరిగి వెళ్లి దాన్ని కాల్చేస్తుంది. పట్టీ బాగుచేయకుండా ఎన్ని వైర్లు మార్చినా కాలుతూనే ఉంటాయి.

తర్వాత వచ్చిన టయోటా ఇంజన్ ఎలీస్‌లో 2006 మోడల్ నుంచి ఈ వైరే లేదు. పెడల్ దగ్గరి సెన్సరు చెబితే మోటారు థ్రాటిల్ తెరుస్తుంది. అంతకు ముందటి కారు ఉన్నవాళ్లు సర్వీసు చేయించిన ప్రతిసారీ పెడల్ వైపు కొసను టార్చి వేసి చూడాలి. ఒక్క పోగు లేచి కనిపించినా తెగేదాకా ఆగకుండా వైరు మార్చెయ్యాలి. అదనంగా మరో వైరు కొని, మడతపడకుండా చుట్టి, కారులోనే ఉంచుకోవాలి.