అపాయమును తూచు విద్య

యుద్ధమును గూర్చి సేనానులకును, దొంగలను గూర్చి పోలీసువారికిని, తుపానులను గూర్చి జాలరులకును తెలిసినంతగా తరగతి గదిలో కూర్చున్నవారికి తెలియునా యను సందేహము, విశ్వవిద్యాలయములలో భద్రతాధ్యయనమను శాఖ పుట్టిన నాటినుండియు దానిని వెన్నాడుచునే యున్నది. సందేహమునకు ఆధారము లేకపోలేదు. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన మరుసటి యేడు, 1919 లో, వేల్సునందలి ఆబరిస్ట్విత్ కళాశాలలో డేవిడ్ డేవీసు కుటుంబపు విరాళముతో అంతర్జాతీయ రాజనీతికి తొలి ఆచార్యపీఠము వెలసినపుడు, అట్టి యుద్ధము మరల రాకుండ జేయుటయే దాతల యాశయము. ఇరువది యేండ్లకే రెండవ యుద్ధము వచ్చిపడినది. అయినను విద్య నశింపలేదు. లండను కింగ్స్ కాలేజీలో మైకేల్ హోవర్డు యుద్ధాధ్యయన శాఖను తీర్చిదిద్దెను. మన దేశమునను అలహాబాదు, మద్రాసు విశ్వవిద్యాలయములు రక్షణశాస్త్రమును పాఠ్యవిషయముగా స్వీకరించినవి. ఇప్పుడు ఆ తరగతులలో సేనల సంఖ్యలతో పాటు సైబరు దాడులు, అంటువ్యాధులు, నీటి కొరత, రసాయన కర్మాగారములు కూడ చర్చకు వచ్చుచున్నవి.

రాబోవుదానిని చెప్పెదనని ఈ విద్య మాట యియ్యదు, ఇచ్చినవారిని నమ్మరాదు. తెలిసినదెంత, తెలియనిదెంత, తెలిసినదానిని ఎంత గట్టిగా నమ్మవచ్చును అను మూడింటిని వేరువేరుగా తూచి, ఆ తూనికను నిర్ణయము చేయవలసిన వానికి స్పష్టమగునట్లు చెప్పుటలోనే దాని నేర్పంతయు నున్నది.

ఈ నేర్పునకు మూలపురుషులలో ఒకడు షెర్మన్ కెంటు. ఈయన యేల్ విశ్వవిద్యాలయములో చరిత్ర బోధించుచు, రెండవ యుద్ధకాలమున గూఢచార విశ్లేషణలోనికి వచ్చి, పిమ్మట అమెరికా ప్రభుత్వమునకు అంచనాలు వ్రాయు కార్యాలయమున పెద్ద యయ్యెను. 1951 మార్చిలో ఆ కార్యాలయము యుగోస్లావియాపై సోవియట్ పక్షపు దేశములు ఆ యేడు దాడి చేయునా యను ప్రశ్నకు సమాధానము వ్రాయుచు, దాడికి గట్టి యవకాశము కలదని తేల్చినది. కొన్నాళ్లకు విదేశాంగ శాఖాధికారి యొకడు, గట్టి యవకాశమనగా మీ భావమెంత యని మాటవరుసకు కెంటు నడిగెను. నూటికి అరువదియైదు పాళ్లు జరుగుననియే నా తాత్పర్యమని కెంటు చెప్పగా ఆ యధికారి యులికిపడెను. ఆయనయు, ఆయన సహచరులును దానిని చాల తక్కువగా అర్థము చేసికొనియుండిరి. కలతపడిన కెంటు తిరిగివచ్చి, ఆ వాక్యమునకు సమ్మతించిన తన తోటివారినే యొక్కొక్కరిని ప్రశ్నించి చూడగా, ఒకరి మనసున ఇరువది పాళ్లు, మరియొకరి మనసున ఎనుబది పాళ్లు, తక్కినవారు నడుమ నెక్కడనో! అందరును ఒకే వాక్యము క్రింద సంతకము చేసిరి గాని అందరును ఒకే మాట చెప్పియుండలేదు. తరువాత ఆయన ఒక్కొక్క మాటకు ఒక్కొక్క యంకెను నిర్ణయించి, దాదాపు నిశ్చయమనగా 93 పాళ్లు, కొంచె మటునిటుగా, అని యొక పట్టికను ప్రతిపాదించి 1964 లో ప్రకటించెను. కవితాప్రియులైన సహోద్యోగులు ఆ యంకెలను సహింపరైరి. నేటికిని ఈ శాఖలో చేరిన విద్యార్థులచేత తొలినాళ్లలో చేయించు అభ్యాసములలో ఇదియొకటి: పది మాటలు పలకపై వ్రాసి, ప్రతిదానికి ఎదుట నీ యంకె వేయుమని ఉపాధ్యాయు డడుగును, కాగితములు మడిచి యిచ్చిన పిమ్మట ఒకే మాటకు వచ్చిన యంకెలను చదివి వినిపించినపుడు గది యంతయు నవ్వుతో నిండును, ఆ నవ్వులో కొంత భయము కూడ నుండును. యుగోస్లావియాపై దాడి జరుగలేదు. అంతమాత్రమున ఆ యంచనా తప్పని చెప్ప వీలులేదను సంగతి విద్యార్థికి చప్పున మింగుడుపడదు.

ఆధారములను పరీక్షించుట రెండవ పాఠము. ఇందులో మనవాడు కౌటిల్యుడు వెనుకబడినవాడు కాడు. 1905 లో మైసూరున శామశాస్త్రిగారి చేతికందిన అర్థశాస్త్రపు తాళపత్రములు అచ్చయి వెలువడినపుడు లోకమునకు తెలిసిన విశేషములలో నొకటి, చారుల మాటను ఎప్పుడు నమ్మవలెనను నియమము: ఒకరి నొకరు ఎరుగని ముగ్గురు చెప్పినది ఏకవాక్యముగా నున్నచో నమ్మవచ్చును. ఒకరి నొకరు ఎరుగకుండుటయే ఇందు ప్రాణము. ఒకే నోట పుట్టిన వార్త మూడు దారులలో వచ్చినంతమాత్రమున మూడు సాక్ష్యములు కానేరదు. 2003 ఫిబ్రవరిలో ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలో ఇరాకు యొక్క సంచార జీవాయుధశాలలను గూర్చి అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ చేసిన ప్రసంగభాగము, జర్మనీ గూఢచారుల చేతిలోనున్న ఒక్క కాందిశీకుని కథనముపైననే ముఖ్యముగా నిలిచియుండినది. ఆ కథనము కల్పితమని తరువాత తేలినది. అర్థశాస్త్రమును మన పూర్వవైభవమునకు సాక్ష్యముగా చూపి మురియువారు ఈ నియమమును మాత్రము నిత్యవ్యవహారమున పాటించినట్లు కానరాదు.

వార్తలు లేకపోవుట వలన కాక, వార్తలు మితిమీరి యుండుట వలననే ప్రమాదము కనబడకపోవునని చూపిన గ్రంథము రాబర్టా వోల్‌స్టెటర్ 1962 లో పెర్ల్ హార్బరుపై దాడిని గూర్చి వ్రాసినది. దానికి మందు వంటి సాధనమును రిచర్డ్స్ హ్యూయర్ అను విశ్లేషకుడు రూపొందించెను. దాని ప్రయోజనమును 1973 అక్టోబరులో ఇజ్రాయేలుపై ఈజిప్టు, సిరియాలు చేసిన యుద్ధపు కథతో చూచుట మేలు. ఇజ్రాయేలు సైనిక గూఢచార శాఖవారికి ఒక దృఢసిద్ధాంతము ఉండెను: దూరము కొట్టగల విమానములును క్షిపణులును చేతికి వచ్చువరకు ఈజిప్టు యుద్ధమునకు దిగదు, ఈజిప్టు దిగనిదే సిరియా దిగదు. ఇప్పుడు కాగితముపై అడ్డముగా రెండు గడులు గీయుడు: ఒకదానిలో విన్యాసము, రెండవదానిలో యుద్ధము. నిలువుగా వార్తలు వ్రాయుడు. సూయెజు కాలువ యొడ్డున సేనలు మూగినవి. విన్యాసమునకును సరిపోవును, యుద్ధమునకును సరిపోవును. సిరియా ట్యాంకులు ముందునకు జరిగినవి. ఇదియు నంతే. జ్వరమున్నదని తెలిసినంతమాత్రమున ఏ రోగమో తెలియనట్లు, రెండింటికిని సరిపోవు వార్త ఎంత పెద్దదైనను దేనిని తేల్చదు. అంతలో అక్టోబరు 4, 5 తేదీలలో సోవియట్ సలహాదారుల భార్యాబిడ్డలను విమానములలో హడావుడిగా స్వదేశమునకు తరలించుచున్నారను వార్త వచ్చినది. ఇది విన్యాసపు గడిలో ఇమడదు. పట్టికలో ఈ యొక్క వరుస తక్కిన వరుసల నన్నింటిని మించినది. తనకు విరుద్ధమైన వార్తలు తక్కువగా నున్న ఊహనే నిలుపవలెను గాని, అనుకూలవార్తలు ఎక్కువగా నున్నదానిని కాదు. హ్యూయరు పద్ధతి యంతయు ఈ తలక్రిందులలోనే యున్నది. సిద్ధాంతము గట్టిపడియున్న చోట ఆ వరుస బలము ఆలస్యముగా తెలిసినది. అక్టోబరు 6 మధ్యాహ్నము యుద్ధము మొదలైనది.

ప్రష్యా సైన్యములో 1824 నాటికి రైస్విట్జు తీర్చిన యుద్ధక్రీడ నుండి వచ్చిన అభ్యాసము మరియొకటి. ఒక పక్షమునకు తెలిసినది రెండవ పక్షమునకు తెలియకుండ, నడుమ మధ్యవర్తి మాత్రమే సర్వమును చూచుచు, పాచికల పాటుతో యాదృచ్ఛికమును గూడ ఆటలో చేర్చి నడుపు ఈ క్రీడ నేడు తరగతులలో నగరమున విద్యుత్తు నిలిచినపుడు ఏమి చేయుదురు, ఆస్పత్రి కంప్యూటర్లు స్తంభించినపుడు ఎవరి ననుమతి యడుగుదురు అను రూపమున సాగుచున్నది. విద్యార్థులకు మిక్కిలి ప్రీతిపాత్రమైనది ఇదియే. ఫలితము మాత్రము మధ్యవర్తి యోగ్యతను బట్టి యుండును.

ఇంతవరకును రాజ్యము దృష్టియే. ఎవరి భద్రత, దేనినుండి, ఎవరు చెప్పగా, అను ప్రశ్నలు తరువాత వచ్చినవి. బారీ బుజాను, ఓలే వేవరు మొదలగు కోపెన్‌హాగను పండితులు 1998 నాటి తమ గ్రంథమున, ఒక విషయమును ముప్పని ప్రకటించుటయే యొక రాజకీయక్రియ యనియు, ఆ ప్రకటనతో మామూలు చర్చకు తలుపులు మూసి అసాధారణాధికారములకు ద్వారము తెరతురనియు వాదించిరి. ఏది ముప్పో లెక్కించు విద్య నేర్చినవాడు, ముప్పని యెవరు కేకవేయుచున్నారో కూడ చూడవలెను. ఈ పాఠము లేని భద్రతాధ్యయనము ప్రభుత్వమునకు వంతపాటగా మారునని నా నమ్మకము.

రాజ్యము నుండి జనులవైపు తిరుగగానే మన తీరము కనబడును. 1977 నవంబరు 19 న దివిసీమపై పెను ఉప్పెన విరుచుకుపడి వేలాది ప్రాణములను హరించినది. 1990 మేలో అంతటి ప్రచండమైన తుపాను అదే తీరమును తాకినపుడు మరణములు వేయికి లోబడినవి. గాలి మారలేదు. హెచ్చరిక ముందుగా చేరుట, లక్షకుపైగా జనమును తరలించుట, తుపాను రక్షణకేంద్రములు లేచియుండుట, ఇవి మారినవి. అపాయమును ప్రకృతి పెట్టుబడిగాను, దుర్బలతను మనుష్యుని వాటాగాను లెక్కించు సూత్రమునకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము పాఠ్యగ్రంథములలో అరుదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ సమీపమున ఆర్.ఆర్. వెంకటాపురమునకు ఒక రసాయన కర్మాగారమునుండి స్టైరీను అను విషపు ఆవిరి వ్యాపించినపుడు ప్రకృతికి సంబంధమే లేదు. నిలువయుంచిన తొట్టిలో వేడిమి పెరుగుట, దానిని గమనింపకపోవుట, కర్మాగారము చుట్టును ఊరు ఒదిగి పెరుగుట, అన్నియు మనుష్యుని వాటాయే.

లెక్కలకు అవధులు లేకపోలేదు. పాచికలకు లెక్క కలదు గాని, ముందెన్నడును జరుగనిదానికి లెక్క లేదని ఆర్థికవేత్త ఫ్రాంక్ నైటు 1921 లోనే హెచ్చరించెను. సంభావ్యత నొక వైపును, నష్టము నొక వైపును పెట్టి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు పూయు గడులపట్టికలు కార్యాలయముల గోడలపై అందముగా నుండును. అవి ఒక్కొక్కప్పుడు పెద్ద ముప్పును చిన్నదానికంటె క్రింద నిలుపునని కాక్సు అను గణితవేత్త 2008 లో చూపెను. వీనికంటె, చెప్పిన అంచనా జరిగినదానితో ఎంత సరిపడినదో కొలచు బ్రయరు లెక్క మేలు. 1950 లో వాతావరణ శాఖోద్యోగి గ్లెన్ బ్రయరు చెప్పిన ఆ లెక్కలో, ఎనుబది పాళ్లు జరుగునన్నది జరిగినచో 0.04, జరుగకున్నచో 0.64 తప్పుగా పడును. యాబదియని తప్పించుకొన్నవానికి ఏది జరిగినను 0.25. విద్యార్థులు పాఠకాలమంతయు ఇట్లు అంచనాలు వ్రాసియుంచి చివర లెక్క చూచుకొందురు.

ఐతే లెక్క కుదిరిన పిమ్మట కూడ కలెక్టరునకు చిక్కు తీరదు. గ్రామమును తరలించుటకగు ఖర్చు, జాలరికి పోయిన రెండు దినముల వేట, ఇంటిలో విడిచివచ్చిన మేకలు ఒక వైపు. ఉప్పెన వచ్చినచో పోవు ప్రాణములు రెండవ వైపు. ఈ నిష్పత్తిని బట్టి నూటికి పదిపాళ్ల యవకాశమున్నను తరలించుటయే న్యాయమని తేలవచ్చును. అనగా పదిమారులు తరలించినచో తొమ్మిదిమారులు ఉప్పెన రాదు. ఇట్లే 1973 వసంతమున యుద్ధము రానున్నదని సేనలను సమీకరించి, అది రాక, డబ్బు వ్యయమైన ఇజ్రాయేలు, అక్టోబరులో ఆ వ్యయమును తలచుకొని వెనుకాడినది. రక్షణకేంద్రమునకు తొమ్మిదిమారులు నడిచి వట్టిచేతులతో తిరిగివచ్చినవారిని పదియవమారు మరల నడిపింపవలెనన్నచో, మొదటిమారు పోవునపుడే ఆ తొమ్మిది సంగతి వారితో చెప్పియుండవలెను. అట్లు చెప్పుటకు ధైర్యముగల యధికారులును, దానిని బోధించు పాఠ్యప్రణాళికలును నాకు చాల తక్కువగా కనబడినవి.