గురుదక్షిణ కాదు, ఫీజు

మన సినిమాల్లో సంగీతం గురువు "నెలకింత ఇవ్వండి" అని నోరు తెరిచి అడగడం మీరెప్పుడైనా చూశారా? నాకైతే గుర్తు లేదు. తెర మీది గురువు డబ్బు మాటెత్తడు. ఇంట్లో బియ్యం నిండుకున్నా సరే, ఎవరైనా ఆ మాటెత్తితే కళ్ళెర్ర చేస్తాడు. ఆ లేమే ఆయన విద్యకు గీటురాయి. మనమూ ఆ లేమికి చేతులెత్తి దణ్ణం పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ హాల్లోంచి బయటికొచ్చాం.

నేను ఇరవై రెండేళ్ళుగా విజయవాడలో మా ఇంట్లోనే పిల్లలకు కర్ణాటక సంగీతం నేర్పుతున్నాను. నెలనెలా ఫీజు తీసుకుంటాను. ఇందులో మొదటి వాక్యాన్ని నాలాంటి స్త్రీలందరూ గర్వంగా చెప్పుకుంటారు. రెండో వాక్యం దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గిస్తారు. ఎందుకు తగ్గించాల్సి వస్తోందన్నదే నా ప్రశ్న.

ముందు సినిమాల సంగతే చూద్దాం. "శంకరాభరణం" 1980లో వచ్చింది. శంకరశాస్త్రి డబ్బుకు లొంగని విద్వాంసుడు. కాలం మారి కచేరీలు తగ్గిపోతే ఇల్లు గడవడం కష్టమవుతుంది. ఆ కథలో డబ్బు లేదనుకుంటే పొరపాటు. చివర్లో శాస్త్రి పేరిట మందిరం కట్టించి కచేరీ ఏర్పాటు చేసేది తులసి. ఆమె వేశ్య కూతురు, సంగీతం మీద ప్రాణం పెట్టుకున్న మనిషి. కొడుకుని ఆయన దగ్గర శిష్యుడిగా చేర్చి తాను చాటున ఉంటుంది. గండపెండేరం కొడుకు కాలికి చేరుతుంది, తులసి ఆయన పాదాల దగ్గరే ప్రాణం వదులుతుంది. ఆమె విద్య ఏమయిందని కథ అడగదు. ఆమె డబ్బు ఆయన పవిత్రతకు అంటు కాలేదు, ఎందుకంటే ఆ డబ్బుని ఆమె తన కోసం వాడుకోలేదు.

"సాగరసంగమం" (1983)లో బాలు నాట్యం కోసం తపించిపోతాడు. వాళ్ళమ్మ వంటలు చేసి బతుకుతుంది. కొడుకు కళకు పెట్టుబడి ఆ తల్లి పొయ్యి దగ్గర కార్చిన చెమట. సినిమా ఆమెను ప్రేమగానే చూపిస్తుంది, కాదనను. కానీ ఆ వంట కూడా విద్యేననీ, ఆ కళకు అసలు పోషకురాలు ఆమేననీ అనిపించేలా కథ ఎక్కడా ఆగదు. కళంటే డబ్బంటని వ్యవహారమని మనల్ని నమ్మించిన ఈ రెండు కథల్లోనూ డబ్బు ఒక స్త్రీ చేతి మీదుగానే వచ్చింది.

గురుకులం గురించి మాట్లాడేటప్పుడూ ఇదే జరుగుతుంది. శిష్యులు గురువు ఇంట్లోనే ఏళ్ళ తరబడి ఉండి విద్య నేర్చుకునేవారు, గురువు దమ్మిడీ పుచ్చుకునేవాడు కాదు అని సభల్లో పెద్దలు పారవశ్యంతో చెబుతుంటారు. అంతమందికి వండింది ఎవరు? ఎంగిలాకులు ఎత్తింది ఎవరు? జ్వరమొచ్చిన శిష్యుడికి కషాయం కాచింది ఎవరు? శిష్యులు నీళ్ళు తోడారు, బట్టలుతికారు అంటారే గానీ గురుపత్ని చాకిరీ ఏ విద్వాంసుడి జీవితచరిత్రలోనూ లెక్కకు రాదు. విద్య ఉచితం కాలేదు. దాని ఖరీదు వంటింట్లో చెల్లయింది, అంతే.

ఇక స్త్రీ తన సంగీతానికి తనే డబ్బు తీసుకుంటే? ఇక్కడ కొంచెం చరిత్రలోకి వెళ్ళాలి. బెంగుళూరు నాగరత్నమ్మ (1878-1952) ఈ పత్రిక పాఠకులకు కొత్త మనిషి కాదు. ముద్దుపళని "రాధికా సాంత్వనం" 1910లో అచ్చు వేయించి, అది అసభ్యమన్న పెద్దమనుషులకు ఎదురు నిలిచింది. అదే నాగరత్నమ్మ కచేరీల మీద తాను సంపాదించిన డబ్బుతో 1920ల్లో తిరువయ్యారులో త్యాగరాజ సమాధి దగ్గర మందిరం కట్టించింది. తాను కట్టించిన చోట ఆరాధనలో ఆడవాళ్ళు పాడకూడదంటే, ఆడవాళ్ళతోనే వేరుగా ఆరాధన నడిపింది. మద్రాసులో ఆదాయపు పన్ను కట్టిన కళాకారిణి ఆమె. నాకు ఈ చివరి సంగతి చాలా ఇష్టం. తన పాటకు వచ్చిన ప్రతి రూపాయినీ ఆమె దాచుకోలేదు, లెక్క చెప్పింది.

నాగరత్నమ్మ దేవదాసీ వంశంలో పుట్టింది. మన కోస్తా జిల్లాల్లో కళావంతుల స్త్రీలకూ పాట, ఆట జీవనాధారం. వాళ్ళలో ఆడపిల్లకు ఆస్తి దక్కేది, చదువు దక్కేది. ధనికుల మీద ఆధారపడక తప్పని బతుకులు కూడా అవే. ఆ దోపిడీని తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. సంస్కరణోద్యమం వచ్చింది. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీలుగా అంకితం చేయడాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. వాళ్ళ వృత్తి పోయింది. వాళ్ళు పాడిన పదాలూ జావళీలూ మాత్రం పోలేదు. అవి అగ్రవర్ణాల ఇళ్ళలోకి, సభల్లోకి వెళ్ళి గౌరవం సంపాదించుకున్నాయి. ఆ ఇళ్ళలో సంగీతం ఆడపిల్లకు పెళ్ళిచూపుల్లో అక్కరకొచ్చే అర్హత అయింది. నేర్చుకోవచ్చు, పండక్కి నలుగురి ముందూ పాడవచ్చు, అమ్ముకోకూడదు. అమ్ముకుంటే "వాళ్ళ"కీ మనకీ తేడా ఏముంటుంది?

ఫీజు అనే మాట దగ్గర మా గొంతులు తగ్గడం వెనక ఉన్నది ఈ భయమేనని నా నమ్మకం. మేము దాన్ని సంస్కారం అనుకుంటున్నాం. కులమూ పితృస్వామ్యమూ కలిసి నేర్పిన సిగ్గు అది.

ఈ సిగ్గు మాకెంత నష్టమో చెబుతాను. పొద్దున్న ఆరింటికి న్యూజెర్సీ పిల్ల. చలికాలమైతే అక్కడ ముందురోజు రాత్రి ఏడున్నర. కంప్యూటర్‌లో ఇద్దరం కలిసి పాడలేం, శబ్దం ఆలస్యంగా చేరుతుంది గనక తాళం కలవదు. నేను పాడి ఆగాలి, తను పాడాలి, మళ్ళీ నేను. అరగంట పాఠం ముప్పావుగంట పడుతుంది. తర్వాత వంట, క్యారేజీలు. సాయంత్రం నాలుగున్నర నుంచి ఎనిమిది దాకా పిల్లలు. సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు, గీతాలు. ఆరేళ్ళ పిల్లల శ్రుతీ నా శ్రుతీ ఒకటి కాదు. రోజూ వాళ్ళ శ్రుతిలో పాడి పాడి నా గొంతు అరిగింది. మాయామాళవగౌళలో అవే ఏడు స్వరాలు రోజుకి నలభైసార్లు, ప్రతిసారీ మొదటిసారి పాడినట్టే పాడాలి. దీన్ని కాలక్షేపం అంటారు చుట్టాలు.

వారానికి రెండు క్లాసులు, నెలకు వెయ్యి రూపాయలు. అంటే క్లాసుకి నూట పాతిక. పరీక్షలని మార్చిలో మానేస్తారు, ఊరెళ్ళామని మే నెల ఎగ్గొడతారు. నేను ఏడాది పొడుగునా ఉండాలి. విజయదశమికి తాంబూలం, కొబ్బరికాయ, జాకెట్టు గుడ్డతో వచ్చి చేరినవాళ్ళలో సంక్రాంతికి సగంమంది మిగలరు. ఆ జాకెట్టు గుడ్డలు బీరువా నిండా ఉన్నాయి. వాటితో కరెంటు బిల్లు కట్టనివ్వరు. మా పేటలోనే సంగీతం చెప్పే మగాయన "గురువుగారు". నేను "సంగీతం ఆంటీ". ఈ వరస కలపడం వెనక చాలా లెక్క ఉంది. ఆంటీ దగ్గర పిల్లని ఇంకో గంట వదిలి బజారుకి వెళ్ళిరావచ్చు. ఆంటీ పాలు కలిపిస్తుంది, హోంవర్కు చూస్తుంది. ఆంటీకి ఈ నెల ఫీజు వచ్చే నెల ఇచ్చినా ఏమనుకోదు. బంధుత్వం అంటగట్టగానే శ్రమ మాయమైపోతుంది.

కేంద్ర గణాంక శాఖ 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంట్లో జీతం లేని పని చేసే స్త్రీలు దాని మీద రోజుకి 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నారు. ఇంటి నుంచి నేర్పే స్త్రీకి ఆ 289 నిమిషాలు తగ్గవు. పాఠం మధ్యలో కుక్కరు మూడో కూత వేస్తే లేచి వెళ్ళాల్సింది తనే. "ఇంట్లోనే కదా" అన్న మాటలో ఇంటిపనీ వృత్తీ రెండూ ఒకేసారి విలువ కోల్పోతాయి.

వింత ఏమిటంటే, ఇది వ్యాపారం అని మాకు గుర్తుచేసేవాళ్ళు లేకపోలేదు. నాకు తెలిసిన ఒక వీణ టీచరుని వాళ్ళ అపార్టుమెంటు సంఘం, ఇంట్లో వ్యాపారం చేస్తున్నారు గనక నిర్వహణ ఖర్చు ఎక్కువ కట్టమంది. అదే సంఘంలో ఉన్న తల్లి ఒకామె, ఫీజు వంద పెంచితే "సరస్వతిని కూడా వ్యాపారం చేస్తారా" అంది. మా దగ్గర తీసుకునేటప్పుడు వ్యాపారం, మాకిచ్చేటప్పుడు సరస్వతి. ప్రభుత్వం సంగతీ ఇలాగే ఉంది. వస్తు సేవల పన్ను నిబంధనల్లో కళలు నేర్పే వ్యక్తులకు మినహాయింపు ఉంది, మంచిదే. కానీ ఏ పేరుతో? వినోద కార్యకలాపాల్లో శిక్షణ అన్న పద్దు కింద. నా గొంతు అరుగుదల చట్టం దృష్టిలో ఎవరి వినోదమో!

ఫీజు వల్ల అన్యాయాలు లేవా అంటే ఉన్నాయి. వెయ్యి రూపాయలు లేని ఇంటి పిల్ల మా గుమ్మం ఎక్కలేదు. పైగా ఇల్లు అమాయకమైన స్థలం కాదు. ఎవరిని లోపలికి రానివ్వాలో, ఎవరిని "ఈ ఏడాది ఖాళీల్లేవు" అని గేటు దగ్గర్నుంచే పంపాలో ఇంట్లో ఎవరూ అడగరు. కులం అక్కడ చప్పుడు లేకుండా పని చేసుకుపోతుంది. అందుకే 1919లో విజయనగరంలో మొదలైన సంగీత కళాశాల వంటివి, ప్రభుత్వం నడిపే సంగీత పాఠశాలలు బతకాలి, పెరగాలి. అయినా ఒక మాట. ఫీజు గోత్రం అడగదు. "పాత్రత" చూసి ఉచితంగా చెప్పిన గురువు ఏ ఏ ఇళ్ళ పిల్లల్లో పాత్రత చూశాడో లెక్క తీస్తే, ఆ ఔదార్యం ఎంతమందికి అందిందో తెలుస్తుంది.

మన కథలకూ ఇందులో వాటా ఉంది. మన స్త్రీవాద కథల్లో సంగీతం తెలిసిన స్త్రీ తరచుగా ఒకే రూపంలో కనిపిస్తుంది. పెళ్ళవుతుంది, వీణ అటకెక్కుతుంది, ఆమె మౌనంగా మిగిలిపోతుంది. ఆ నష్టం నిజం. అది రాయాల్సిందే. కానీ ఆ వీణని అటక మీంచి దించి, బూజు దులిపి, తీగలు మార్పించి, దాని మీద పిల్ల ఇంజనీరింగ్ ఫీజు కట్టిన స్త్రీ కూడా ఉంది. ఆమెను మనం ఎందుకు రాయలేదు? ఆమెలో విషాదం సరిపోలేదా? బేరమాడే స్త్రీ, బాకీ అడిగే స్త్రీ, "ఆలస్యంగా తీసుకెళ్తే గంటకింత" అని కాగితం మీద రాసి గోడకి అంటించే స్త్రీ కథానాయికగా మనకి కొరుకుడు పడటం లేదేమో. కళాకారిణి నష్టపోతేనే నచ్చే పాఠకులం మనం కూడానా? నిరుపేద గురువుని చూసి ఏడ్చిన ప్రేక్షకుడికీ మనకీ అప్పుడు పెద్ద తేడా ఉండదు.

ఫీజు ముందుగా, నెల మొదట్లో. సెలవులు మాకూ. డబ్బు మా సొంత ఖాతాలోకి. పాఠం చెప్పే గదికి మూసుకునే తలుపు. ఇవి చిన్న కోరికలు. ఇవి అడగగలగాలంటే మనం చేసేది పని అని ముందు మనం అనాలి. వీణ, వయొలిన్, గాత్రం, నాట్యం ఇళ్ళలో నేర్పుతున్న స్త్రీలు ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామందే ఉంటారు. మీ అనుభవాలు రాయండి. రాగాల గురించి రాస్తే రాయండి గానీ, రోజుకి ఎన్ని గంటలు పాడుతున్నారో, నెలకి ఎంత తీసుకుంటున్నారో, అందులో ఎంత మీ చేతిలో మిగులుతోందో తప్పకుండా రాయండి.