42వ కీర్తనలో ‘క్రుంగుట’, ‘తొందరపడుట’: ప్రసంగ వాడుకపై ఒక పరిశీలన

మనోవ్యథను గూర్చి తెలుగు సంఘాలలో ప్రసంగించేవారు సాధారణంగా 42వ కీర్తన తెరుస్తారు. దాని పల్లవి మూడుసార్లు వస్తుంది (42:5, 42:11, 43:5). అనేక హెబ్రీ ప్రతులలో ఈ రెండు కీర్తనలు ఒకటిగానే ఉన్నాయి. పల్లవిలో కీర్తనకారుడు తన ప్రాణాన్ని రెండు ప్రశ్నలు అడుగుతాడు. మన అనువాదకులు ఒకదానిలో ‘క్రుంగు’ అనీ, మరొకదానిలో ‘తొందరపడు’ అనీ వాడారు. ఈ రెండు మాటలూ నేటి ప్రసంగాలలో నేరారోపణలుగా మారాయన్నది మా అభ్యంతరం.

‘తొందరపడు’ సంగతి ముందుగా చూద్దాం. ఇక్కడి హెబ్రీ క్రియ హామా. దాని అర్థం ఘోషించుట, అల్లకల్లోలమగుట. 46:3లో సముద్ర జలాలకు వాడినదీ ఇదే క్రియ. అక్కడ మనవారు ‘ఘోషించు’ అనే అనువదించారు. పాత తెలుగులో తొందర అంటే కలత, బాధ అనే అర్థమూ ఉండేది; కన్నడంలో ‘తొందరె’ అంటే నేటికీ ఇబ్బందే. కాబట్టి అనువాదకులది తప్పు కాదు. అయితే నేటి విశ్వాసి చెవికి అది త్వరపడుట అని వినిపిస్తుంది. దేవుని సమయానికి ముందే పరుగెత్తకూడదని ఈ వచనం మీద చేసిన ప్రసంగాలు మేము ఒకటికంటే ఎక్కువే విన్నాము. లోపల సముద్రం ఘోషిస్తున్న మనిషికి ఓపిక పట్టమని చెప్పినట్లయింది!

‘క్రుంగు’ విషయం వేరు. (‘కృంగు’ అని వ్రాయడం అలవాటైంది గాని, ఈ దేశ్య పదానికి ఋత్వంతో పని లేదు.) హెబ్రీ ధాతువు షాఖఖ్ అంటే వంగిపోవుట. 35:14లో తల్లి కోసం దుఃఖించేవాని భంగిమకు ఇదే ధాతువు వాడబడింది. తెలుగు మాట దానికి చక్కగా అమరింది. బరువు మోసేదే కుంగుతుంది. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పియర్లు దిగబడినప్పుడు పత్రికలు ‘కుంగాయి’ అనే వ్రాశాయి. అడుగున ఇసుక ఏమైంది, నిర్మాణం ఎలా జరిగింది అని అందరూ అడిగారు. కీర్తనకారుడు కూడా తన బరువు ఏమిటో దాచలేదు. తానున్నది యొర్దాను, హెర్మోను ప్రాంతంలో, దేవుని మందిరానికి దూరంగా. పండుగ సమూహంతో నడిచిన దినాలు జ్ఞాపకం వస్తున్నాయి. నీ దేవుడెక్కడ అని శత్రువులు గేలి చేస్తున్నారు. మన ప్రసంగాలు ఈ వివరాలను దాటి నేరుగా ‘నిరీక్షణ యుంచుము’ దగ్గరకు వెళ్తాయి.

ఇంట్లో ఎవరూ ‘నేను క్రుంగియున్నాను’ అనరు. ‘దిగులుగా ఉంది’ అంటారు, ‘మనసు బాగోలేదు’ అంటారు, ‘బెంగ పెట్టుకుంది’ అంటారు. ప్రార్థన చీటీ మీద మాత్రం అది ‘కృంగుదల’ అవుతుంది. వ్రాయగానే దానికి ఒక ఆత్మ అంటుకుంటుంది, దాని నుండి విడుదల కావలసి వస్తుంది. వార్తాపత్రికలు అదే ధాతువుతో ‘కుంగుబాటు’ అని వైద్యులు చికిత్స చేసే జబ్బును సూచిస్తాయి. ఒకే మాట మందిరంలో పాపంగా, పత్రికలో రోగంగా వినబడితే విశ్వాసి దేనిని నమ్మాలి?

వ్యాకరణం ఇక్కడ కాపరికి సహాయపడుతుంది. ఆ ‘ఎందుకు’ అన్న ప్రశ్నను బాధపడేవాడే తన ప్రాణాన్ని అడుగుతున్నాడు. మరొకరు అతనిని అడగడం లేదు. ఒక గృహకూటంలో బాలింత ఒకామె, బిడ్డను ఎత్తుకోబుద్ధి కావడం లేదని, రాత్రులు ఊరకే ఏడుపు వస్తోందని చెప్పింది. బోధకుడు ఈ వచనమే చదివి, “ఎందుకమ్మా కృంగిపోతావు? విశ్వాసం లేదా?” అన్నాడు. ప్రసవం తరువాత వచ్చే కుంగుబాటు ఒకటుందనీ, దానికి చికిత్స ఉందనీ ఆ గదిలో ఎవరూ చెప్పలేదు; మేమూ చెప్పలేదు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్‌కు 14416 నంబరులో ఫోను చేయవచ్చన్న సంగతి మాకే తరువాత తెలిసింది.

మరుసటి వారం ఆమె ఇచ్చిన ప్రార్థన చీటీలో బిడ్డ జలుబు గురించి మాత్రమే ఉన్నది.